మోడెమ్ కార్డు వేసినప్పటి నుంచీ లాప్‌టాప్ హ్యాంగ్ అవుతోంది, తమ్ముడికి చెప్పాలా?

బెంగళూరు బీటీఎం లేఅవుట్‌లో పీజీలో ఉంటున్న ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు 27. ఒక చిన్న ఆఫీసులో అకౌంట్స్ చూస్తారు. సొంతూరు మడకశిర దగ్గర పల్లె. నాన్నకు ఆపరేషన్ అయ్యాక, నెలలో పది పన్నెండు రోజులు ఊళ్లో ఉండి అక్కడి నుంచే పని చేసుకోవడానికి మేనేజర్ ఒప్పుకున్నారు. ఊళ్లో బ్రాడ్‌బ్యాండ్ లేదు. తమ్ముడు హిందూపురంలో ఒక సర్వీస్ సెంటర్‌లో కొత్తగా చేరాడు. మొదటి మూడు నెలల జీతంలో దాచుకున్న డబ్బుతో బెంగళూరులో కంప్యూటర్ దుకాణాలుండే ఎస్పీ రోడ్డుకు వచ్చి అక్క కోసం ఒక రీఫర్బిష్డ్ లాప్‌టాప్ కొన్నాడు. "అక్కా, ఇందులోనే సిమ్ వేసుకోవచ్చు" అంటూ తనే కింది మూత విప్పి 4జీ మోడెమ్ కార్డు బిగించాడు. పనిలో పనిగా ర్యామ్ కూడా పెంచి ఇచ్చాడు.

మొదటి వారం బాగానే నడిచిందట. ఆ తర్వాత సంగతి ఆమె మాటల్లోనే: "మౌస్ ఉన్నచోటే ఆగిపోతుంది. కాల్‌లో అవతలివాళ్ల గొంతు ఒకే ముక్క దగ్గర గర్ర్‌మని తిరుగుతూ ఉంటుంది. పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకుంటే తప్ప ఏదీ కదలదు. మూత మూసి మళ్లీ తెరిస్తే ఒక్కోసారి స్క్రీనే వెలగదు. ఆఫీసులో వైఫై మీద ఉన్నప్పుడు ఎప్పుడోగానీ రాదు. ఊళ్లో వీడియో కాల్ మొదలుపెట్టిన పావుగంటకో ఇరవై నిమిషాలకో గ్యారంటీగా వస్తుంది. పోయిన నెల 19వ తేదీ రాత్రి మూడు గంటలు కూర్చుని చేసిన జీఎస్టీ షీటు పోయింది. ఊరికి వెళ్లినప్పుడల్లా నీకు ఏదో ఒకటి అవుతుందేమిటని మేనేజర్ అన్నారు. ఆ మాటకి రాత్రంతా నిద్రపట్టలేదు."

రూమ్మేట్ విండోస్ మళ్లీ వేయించమంది. పక్క సీటు అతను పాత మెషీన్లు అంతే, అమ్మేయమన్నాడు. పీజీ దగ్గర షాపులో తెరపై '41' అనే ఎర్రర్ చూపించి, మదర్‌బోర్డులో పవర్ సెక్షన్ పోయింది, తొమ్మిది వేలు అవుతుందన్నారు. నాన్న మాత్రం "తమ్ముడికి చెప్పకమ్మా, వాడు చిన్నబుచ్చుకుంటాడు" అన్నారు. నాలుగు నెలలుగా తమ్ముడు ఫోన్ చేసి "ఎలా ఉందక్కా లాప్‌టాప్?" అని అడిగిన ప్రతిసారీ "సూపర్ రా" అని చెబుతూ వచ్చారు. కార్డుకీ ర్యామ్‌కీ కొన్నచోట ఆరు నెలల రీప్లేస్‌మెంట్ ఇచ్చారట. ఇప్పుడేం చేయాలి, కార్డు మార్చాలా, లాప్‌టాప్ అమ్మాలా, తమ్ముడికి చెప్పాలా అన్నది ప్రశ్న.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముందు ఒక మాట. మూడు గంటల పని కళ్లెదుట పోవడం, పైగా అది మీ నిర్లక్ష్యమన్నట్టు మాట పడడం మామూలు కష్టం కాదు. మీరు చేసిన తప్పేమీ లేదు. ఇలా అప్పుడప్పుడూ వచ్చి పోయే రిపేరు మెకానిక్‌లకే చుక్కలు చూపిస్తుంది, ఎందుకంటే వాళ్ల ముందు పెట్టినప్పుడు మెషీన్ బుద్ధిగా నడుస్తుంది.

ఇక ఉత్తరంలో మీరు ఒక్క ముక్కలో చెప్పి దాటేసిన విషయం దగ్గర నేను ఆగాను. పనిలో పనిగా ర్యామ్ కూడా పెంచాడన్నారు. ఆ తర్వాత నాలుగు పేజీల్లో ఎక్కడా మళ్లీ ర్యామ్ ఊసే లేదు, తప్పంతా మోడెమ్ కార్డుదే అయింది. కానీ ఆ రోజు లాప్‌టాప్‌లో మారినవి రెండు. చెడ్డ ర్యామ్ కూడా అచ్చం ఇలాగే ప్రవర్తిస్తుంది. ఉన్నట్టుండి బిగుసుకుపోతుంది, నిద్ర నుంచి లేవదు, తేలిక పనిలో ఊరుకుని వీడియో కాల్ లాంటి బరువు పడినప్పుడు తిరగబడుతుంది. కార్డే దోషి కావచ్చు. ఊళ్లో ఎక్కువ, ఆఫీసులో తక్కువ అన్న మీ లెక్క కార్డు వైపే వేలు చూపిస్తోంది. అయినా రెంటినీ విడదీసి చూడకుండా రూపాయి కూడా ఖర్చు పెట్టకండి.

షాపులో చూపించిన 41 గురించి కూడా చెప్పాలి. విండోస్‌లో 'కెర్నల్ పవర్ 41' అంటే, పోయినసారి సిస్టమ్ సరిగ్గా షట్‌డౌన్ కాలేదు అని తిరిగి లేచాక రాసుకున్న గుర్తు. అంతే. మీరు పవర్ బటన్ నొక్కి పట్టి ఆపారు కదా, అలా ఆపినందుకే అది రాసుకుంది. హ్యాంగ్ ఎందుకైందో ఆ అంకె చెప్పదు, మదర్‌బోర్డు పోయిందని అసలే చెప్పదు. ఒక్క ఆ అంకెను చూసి తొమ్మిది వేలు ఇవ్వకండి.

దానికి బదులు స్టార్ట్ మెనూలో 'రిలయబిలిటీ' అని టైప్ చేస్తే 'వ్యూ రిలయబిలిటీ హిస్టరీ' వస్తుంది, అది తెరవండి. తేదీలవారీగా ఒక గ్రాఫు, తప్పు జరిగిన రోజున ఎర్ర గుర్తు. ఏ తేదీ నుంచి ఎర్ర గుర్తులు మొదలయ్యాయో, మీరు ఊళ్లో ఉన్న తేదీలకూ బెంగళూరు తేదీలకూ తేడా ఉందో లేదో పక్కన క్యాలెండర్ పెట్టుకుని చూడండి. అకౌంట్స్ మనిషి కదా, రెండు లెడ్జర్లు టాలీ చేసినట్టే. విండోస్ తన చిట్టా రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో చూసేటట్లయితే 41కి ఒకటి రెండు నిమిషాల ముందు ఏం రాసి ఉందో చూడాలి. అక్కడ డబ్ల్యూ డబ్ల్యూ ఏ ఎన్ (వైర్‌లెస్ వాన్, అంటే మొబైల్ నెట్) అనే నాలుగు అక్షరాలున్న లైన్లు వరుసగా కనిపిస్తే అది మోడెమ్ కార్డు గొడవకు ఒక ఆధారం.

ఈసారి హ్యాంగ్ అయినప్పుడు పవర్ బటన్ మీదికి వెళ్లేముందు క్యాప్స్ లాక్ నొక్కి దాని చిన్న లైటు వెలిగి ఆరుతోందా చూడండి. వెలిగి ఆరుతుంటే లోపల సిస్టమ్ ఇంకా బతికే ఉంది, తెర మాత్రమే ఆగింది. అప్పుడు విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కితే డిస్‌ప్లే డ్రైవర్, అంటే తెరను నడిపే సాఫ్ట్‌వేర్, మళ్లీ మొదలవుతుంది, పని పోకుండా బయటపడొచ్చు. లైటు ఉలుకూ పలుకూ లేకుండా ఉంటే మొత్తం ఆగిపోయిందని అర్థం. ఈ ఒక్క విషయం చెబితేనే మీ తమ్ముడికి సగం దారి దొరుకుతుంది.

ఇవన్నీ ఇప్పుడే మొదలుపెట్టకండి. 11లోపు జీఎస్టీఆర్-1, 20లోపు 3బి, ఈ రెండు జీఎస్టీ రిటర్నులూ మీ నెత్తిన ఉంటాయి. ఈ పరీక్షలు 21 తర్వాత పెట్టుకోండి. అప్పటిదాకా పని పోకుండా చూసుకోవడమే ముఖ్యం. ఎక్సెల్‌లో ఆటోరికవర్ మామూలుగా పది నిమిషాలకోసారి ఉంటుంది, ఆప్షన్స్‌లో సేవ్ అన్నచోట దాన్ని ఒక్క నిమిషానికి తగ్గించండి. ట్యాలీ డేటా బ్యాకప్ ప్రతి సాయంత్రం పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి. డేటా రాస్తున్నప్పుడే సిస్టమ్ ఆగిపోతే ఫైలు చెడిపోయే ప్రమాదం ఉంది. వీలైతే నెలలో ఆ పది రోజులకు ఆఫీసు లాప్‌టాప్ ఒకటి ఇవ్వగలరా అని మేనేజర్‌ను అడగండి. మెషీన్‌లో ఇబ్బంది ఉంది, ఫలానా తేదీల్లో పరీక్ష చేయిస్తున్నాను అని ముందుగా మెయిల్ పెట్టిన మనిషికీ, హ్యాంగ్ అయ్యాక సంజాయిషీ చెప్పుకునే మనిషికీ ఆఫీసులో ఉండే గౌరవం వేరు.

ఇప్పుడు అసలు పరీక్ష. కార్డును పనిలోంచి తప్పించి కొన్నాళ్లు గడపాలి. ఎయిర్‌ప్లేన్ మోడ్ పెడితే రేడియో మాత్రమే ఆగుతుంది. డివైస్ మేనేజర్‌లో డిజేబుల్ చేస్తే డ్రైవర్ పక్కకు తప్పుకుంటుందిగానీ కార్డుకు కరెంటు అందుతూనే ఉండొచ్చు. చాలా బిజినెస్ మోడళ్లలో మెషీన్ ఆన్ అవుతున్నప్పుడే బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు లేచే సెట్టింగ్స్‌లోకి) వెళ్లి వైర్‌లెస్ వాన్ అన్నదాన్ని ఆఫ్ చేసే వీలుంటుంది, అది ఇంకా నయం. అన్నిటికంటే నమ్మకమైనది కార్డును విప్పి బయట పెట్టడం. ఆ రోజుల్లో నెట్ కోసం ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ పెట్టుకోండి. కాల్స్ మాత్రం ఎప్పటిలాగే చేయండి, మూత మూసి తెరవడం కూడా ఎప్పటిలాగే. పరీక్ష కదా అని జాగ్రత్తగా వాడితే ఏమీ తేలదు.

ఎన్నాళ్లు? చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. రెండు రోజులకోసారి వచ్చే హ్యాంగ్ ఒక రోజు రాకపోతే దానికి అర్థమేమీ లేదు. ఊళ్లో కనీసం ఒక వారం, అదీ రోజూ అరగంటకు తక్కువ కాకుండా వీడియో కాల్‌తో గడిచి ఒక్కసారి కూడా హ్యాంగ్ కాకపోతే అప్పుడు కార్డు మీద అనుమానం గట్టిపడుతుంది. కార్డు లేకపోయినా హ్యాంగ్ అయితే కార్డు నిర్దోషి. అప్పుడు తమ్ముడు వేసిన కొత్త ర్యామ్ తీసి, మెషీన్‌తో వచ్చిన పాత ర్యామ్ ఒక్కదానితో మరో వారం నడపాలి. విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ అని ఒక టూల్ ఉంది, రాత్రి పెట్టి పడుకోవచ్చు. అది తప్పు చూపిస్తే ర్యామ్‌దే తప్పనుకోండి. ఏమీ చూపించకపోతే మాత్రం ర్యామ్ బాగుందని పూర్తిగా నమ్మడానికి లేదు, విప్పి చూడడమే మేలు. రెండూ ఒకేసారి తీయకండి, ఒకేసారి వేయకండి. రెండూ కలిపి మార్చడం వల్లే కదా ఇవాళ ఏది దొంగో తెలియడం లేదు.

ఒకప్పటి సంగతి చెప్తాను. 1990లలో లాప్‌టాప్ పక్కన సందులో దూర్చే పీసీఎంసీఐఏ మోడెమ్ కార్డులు ఉండేవి. విండోస్‌కు బదులు లినక్స్ వాడేవాళ్లకు అవి పెద్ద తలనొప్పి. కార్డు దూర్చగానే కొన్ని మెషీన్లు నిలువునా ఆగిపోయేవి. చూస్తే కార్డులో లోపం ఉండేది కాదు, మెషీన్‌లోనూ ఉండేది కాదు. కార్డుకు చోటు వెతుకుతూ సిస్టమ్ ఒక్కొక్క పోర్టు చిరునామా తడుతూ పోయేది, వాటిలో ఏదో ఒకటి ఆ లాప్‌టాప్‌లో మరో భాగానిది అయ్యేది, అక్కడ ముట్టుకోగానే అంతా బిగుసుకుపోయేది. ఆ చిరునామాలను ముట్టుకోవద్దని సెట్టింగ్స్ ఫైల్‌లో ఒక లైను రాస్తే సరిపోయేది. ఏ చిరునామాలో తేలేదాకా మాత్రం ఒక్కొక్కటే తీసి చూడాల్సి వచ్చేది. మీ లాప్‌టాప్‌లో ఇప్పుడా చిక్కు లేదు. కానీ రెండు మంచి వస్తువులు ఒకదానితో ఒకటి పడక ఆగిపోవడం కొత్త కాదని చెప్పడానికి ఇది రాశాను. తమ్ముడు కొన్న లాప్‌టాప్ చెడ్డదనీ, వాడు మోసపోయాడనీ ఇప్పుడే అనుకోనక్కర్లేదు.

కార్డుదే తప్పని తేలిందనుకుందాం. మీరు చెప్పిన రెండు లక్షణాలకు రెండు వేర్వేరు కారణాలు ఉండే అవకాశం ఉంది. మూత తెరిచినప్పుడు స్క్రీన్ వెలగకపోవడం ఎక్కువగా డ్రైవర్ గొడవ. మెషీన్ నిద్రపోయేటప్పుడు కార్డునూ నిద్రపుచ్చాలి, లేపేటప్పుడు దాన్నీ లేపాలి. ఆ లేపడంలో కార్డు జవాబివ్వకపోతే మిగతాదంతా దాని కోసం కాచుకుని కూర్చుంటుంది. దీనికి ఖర్చు లేని మందులున్నాయి. డివైస్ మేనేజర్‌లో కార్డు ప్రాపర్టీస్‌కు వెళ్తే పవర్ మేనేజ్‌మెంట్ అన్నచోట, పవర్ ఆదా కోసం ఈ డివైస్‌ను ఆపేయొచ్చు అన్న టిక్కు ఉంటే తీసేయండి. కంట్రోల్ ప్యానెల్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి. అది ఆన్‌లో ఉన్నంతకాలం మీరు షట్‌డౌన్ చేసినా డ్రైవర్లు పూర్తిగా కొత్తగా మొదలవవు, పాత స్థితినే దాచుకుని తిరిగి తెచ్చుకుంటాయి. రీస్టార్ట్ చేస్తేనే పూర్తిగా కొత్తగా మొదలవుతుంది. డ్రైవర్ మాత్రం లాప్‌టాప్ కంపెనీ సైట్‌లో మీ మోడల్ నంబరు కొట్టి తీసుకోండి, అన్ని డ్రైవర్లూ మేమే ఇస్తాం అనే సైట్ల జోలికి పోవద్దు. రూమ్మేట్ చెప్పినట్టు విండోస్ మళ్లీ వేయించినా అదే డ్రైవర్ తిరిగి వస్తే రోగం కూడా తిరిగి వస్తుంది, రెండు రోజుల పని మాత్రం పోతుంది. బయోస్ అప్‌డేట్ చేయమని ఎవరైనా అంటే, కార్డు తీసేసి వారం సాఫీగా నడిచాక చేయించండి. హ్యాంగ్ అవుతున్న మెషీన్ మీద బయోస్ అప్‌డేట్ పెడితే, మధ్యలో ఆగిపోతే, అప్పుడు నిజంగానే మదర్‌బోర్డు ఖర్చు మీద పడుతుంది.

ఊళ్లో కాల్ మధ్యలో ఆగిపోవడం వేరే కథలా కనిపిస్తోంది. టవర్ దూరంగా ఉన్నకొద్దీ కార్డు గట్టిగా అరవాల్సి వస్తుంది. 4జీ కార్డు మామూలుగా గరిష్ఠంగా 200 మిల్లీవాట్ల శక్తితో ప్రసారం చేస్తుంది. బీటీఎంలో టవర్లు దగ్గర కాబట్టి అంత అవసరం పడదు. మీ ఊళ్లో, స్లాబు ఇంటి మధ్య గదిలో కూర్చుని వీడియో పంపుతుంటే ఆ గరిష్ఠానికి చేరి అక్కడే ఉంటుంది. కరెంటు ఎక్కువ లాగుతుంది, వేడెక్కుతుంది. అప్పుడు ఎక్కడ కాంటాక్ట్ వదులుగా ఉన్నా బయటపడుతుంది.

ఆ కార్డు మీరు చూశారో లేదో. అగ్గిపెట్టె కంటే చిన్నది. ఇప్పటి లాప్‌టాప్‌లలో ఎక్కువగా 30 మిల్లీమీటర్ల వెడల్పు, 42 పొడవు. ఒక అంచున బంగారు రంగు పళ్లు, ఆ అంచు స్లాట్‌లోకి దూరుతుంది. రెండో అంచును ఒకే ఒక్క చిన్న స్క్రూ పట్టి ఉంచుతుంది. పైన గుండుసూది తలంత రెండు బుడిపెలు ఉంటాయి, వాటి మీదికి సేమ్యా పుల్లంత సన్నని రెండు యాంటెన్నా వైర్లు టిక్కుమని కూర్చోవాలి. ఆ స్క్రూ లేకుండా టేపు అంటించి వదిలేసినా, మెజెస్టిక్ నుంచి మడకశిర దాకా బస్సు కుదుపులకు కార్డు ఒక పక్క లేస్తుంది. వైరు ఒక్కటే ఎక్కి రెండోది ఊడిపోయి ఉంటే సిగ్నల్ తగ్గుతుంది, ఊడిన వైరు లోహపు కొన బోర్డు మీద తగిలే ప్రమాదం కూడా ఉంది. అసలు కొన్ని లాప్‌టాప్‌లలో స్లాట్ ఉంటుందిగానీ స్క్రీన్ చుట్టూ 4జీ యాంటెన్నా వైర్లే వేయరు. మీ మోడల్ అలాంటిదైతే తమ్ముడు వైఫై వైర్లు ఏమైనా వాడాడా, వైర్లే లేకుండా వదిలేశాడా అన్నది వాడికే తెలియాలి.

అందుకే తమ్ముడికి చెప్పాలా అన్న ప్రశ్న నాకు విడిగా కనిపించడం లేదు. ఏ కార్డు వేశాడు, ఎక్కడ కొన్నాడు, స్క్రూ బిగించాడా, పాత ర్యామ్ ఎక్కడుంది, బిల్లు ఎక్కడుంది, ఇవన్నీ ఒక్క మనిషి దగ్గరే ఉన్నాయి. మీరు చెప్పకుండా షాపులు తిరిగితే ప్రతి షాపూ మొదటి నుంచి ఊహిస్తుంది. పైగా ఆరు నెలల్లో నాలుగు అయిపోయాయి. మరో రెండు నెలలు "సూపర్ రా" అంటే రీప్లేస్‌మెంట్ పోతుంది, ఆ తర్వాత ఎప్పుడో వాడికి తెలిసినప్పుడు "ముందే చెప్పి ఉంటే మార్పించేవాడిని కదక్కా" అన్న బాధ ఇంకోటి మిగులుతుంది. మీ నాన్నగారి భయం నాకు అర్థమైంది. ఇష్టంగా ఇచ్చిన వస్తువు బాగాలేదంటే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. కానీ మీ తమ్ముడికి ఇది చేతి పని. సర్వీస్ సెంటర్‌లో రోజూ పరాయివాళ్ల మెషీన్లు విప్పుతున్న పిల్లాడికి అక్క మెషీన్ విప్పి చూసే అవకాశం ఇవ్వకపోవడమే ఎక్కువ చిన్నతనం అనిపించొచ్చు. నాన్నగారికి ముందు మీరే చెప్పండి, "వాడిని తప్పుపట్టడం లేదు నాన్నా, వాడి సాయం అడుగుతున్నాను" అని.

ఇక ఏ దారి ఎంచుకుంటారో మీ ఇష్టం. కార్డునే బాగు చేసుకోవాలనుకుంటే పైన చెప్పిన డ్రైవర్, స్క్రూ, వైర్లతో సరిపోవచ్చు, ఖర్చు ఉండదుగానీ నెలా రెండు నెలలు ఓపిక కావాలి. కార్డు మార్చాలనుకుంటే మీ లాప్‌టాప్ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో రాసిన పార్ట్ నంబరుదే తెప్పించండి. స్లాట్‌లో దూరింది కదా అని ప్రతి కార్డూ ఆ మెషీన్‌కు పనికిరాదు. కార్డు తీసేసి ఫోన్ టెథరింగ్‌తోనో చిన్న డాంగిల్‌తోనో నడుపుకుంటే మెషీన్ ప్రశాంతంగా ఉంటుంది. నా ఓటు దీనికే కొంచెం ఎక్కువ, ఎందుకంటే ఫోన్‌ను కిటికీలో పెట్టుకోవచ్చు, పొడుగు కేబుల్‌తో మేడ మెట్ల దాకా జరుపుకోవచ్చు. లాప్‌టాప్‌లో యాంటెన్నా స్క్రీన్‌లో ఉంటుంది, మీరు ఎక్కడ కూర్చుంటే అదీ అక్కడే. ఇబ్బందల్లా ఫోన్ డేటా కోటా త్వరగా అయిపోవడం, కాల్ మధ్యలో ఫోన్ మోగడం. లాప్‌టాప్ అమ్మడం మాత్రం కార్డూ ర్యామ్ రెండూ తీసి చూసినా హ్యాంగ్ ఆగని రోజున ఆలోచించండి. అప్పుడు కూడా దాన్ని కొన్నది వాడు కాబట్టి ఆ నిర్ణయంలో వాడినీ కూర్చోబెట్టుకోండి.

ఈ ఆదివారం వాడికి ఫోన్ చేయండి. హ్యాంగ్ సంగతి, క్యాప్స్ లాక్ లైటు సంగతి, ఎర్ర గుర్తుల తేదీలు వరుసగా చెప్పి, "ఆ రోజు తీసిన పాత ర్యామ్ నీ దగ్గరే ఉందా, పారేశావా?" అని అడగండి. ఉంటే 21 తర్వాత ఒక రోజు హిందూపురం బస్టాండుకు తెమ్మనండి. వచ్చేటప్పుడు చిన్న స్క్రూడ్రైవర్ సెట్టూ, కార్డు బిల్లూ కూడా. విప్పేముందు చార్జర్ తీసి, లోపలి బ్యాటరీ కనెక్టర్ ఊడదీయమని వాడికి మీరు చెప్పనక్కర్లేదు, వాడికి తెలిసే ఉంటుంది. అయినా పక్కన కూర్చుని చూడండి.